అల, వల, వడ: ఇంట్లో చేసిన తెలుగు మాంటిస్సోరి సామాను, ప్రాజెక్టు డైరీ

జూన్ నుంచి జనవరి దాకా నోట్‌బుక్కులో రాసుకున్నదాన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఇంట్లో మాంటిస్సోరి సామాను చేసుకునే తెలుగువాళ్లు ఇందులో పనికొచ్చింది తీసుకుంటారని, నా తప్పులు మళ్లీ చేయకుండా ఉంటారని. మొదలుపెట్టినప్పుడు పాపకు మూడేళ్ల రెండు నెలలు, బాబుకు ఏడేళ్లు. ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో, సముద్రానికి దగ్గర. ఇంటి సంగతి చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ రాసిన పాడైపోవడాల్లో సగం ఆ ఉప్పుగాలి వల్లే జరిగాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన ఈ పద్ధతిలో పిల్లలు వస్తువుల్ని చేత్తో పట్టి తామే నేర్చుకుంటారు. ఇందులో పిల్ల చేసిన తప్పును అమ్మ చెప్పకూడదు, టీచరు చెప్పకూడదు. చేతిలో ఉన్న వస్తువే చెప్పాలి. ఆ వస్తువు కొలత తప్పితే, సరిగ్గా పేర్చిన పిల్లకు కూడా "నువ్వు తప్పు" అని చెప్తుంది. కింద మిల్లీమీటర్ల గొడవ ఇంత ఉండటానికి కారణం ఇదే.

దశ 1: పింక్ టవర్ (జూన్ 12 – ఆగస్టు 3)

పెద్దది కింద, చిన్నది పైన వచ్చేలా పేర్చే పది గులాబి ఘనాలు. అన్నిటికంటే చిన్నది 1 సెంటీమీటరు, పెద్దది 10. ఒక్కో దానికీ తేడా సరిగ్గా 1 సెంటీమీటరు. కంచరపాలెంలో ఒక వడ్రంగికి కొలతలు రాసిచ్చాను. వారంలో చేసిచ్చాడు, చూడటానికి బాగున్నాయి. పాప మూడు రోజులు పేర్చింది. నాలుగో రోజు నుంచి 7, 8 ఘనాల దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టింది. రెండూ చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి కింద పెట్టేసేది.

గాజువాకలో వర్క్‌షాపులో పనిచేసే మా మరిది ఆదివారం వస్తే వెర్నియర్ కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) తెప్పించి కొలిచాను.

- 10 అనుకున్నది: ఒకవైపు 99.0, ఇంకోవైపు 101.5 మి.మీ.
- 9 అనుకున్నది: 88.6, 91.0
- 8 అనుకున్నది: 78.5
- 7 అనుకున్నది: 72.0

7కీ 8కీ మధ్య ఉండాల్సిన తేడా 10 మిల్లీమీటర్లు, ఉన్నది 6.5. పాప తడబడటంలో తప్పేం లేదు.

మరిది చెప్పిన కారణాలు రెండు. మొదటిది, రంపం కోతలో పోయే మందం, సుమారు 3 మిల్లీమీటర్లు, లెక్కలో వేసుకోలేదు. రెండోది, "వదినా, ఇది పచ్చి కర్ర" అన్నాడు. కర్ర తేమ పీల్చితే అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. అందుకే ఘనం ఘనంలా ఉండదు. జులై వానల్లో మళ్లీ కొలిస్తే పెద్ద ఘనం అడ్డంగా ఇంకో 1.2 మిల్లీమీటర్లు పెరిగింది.

మధ్యలో ప్లైవుడ్‌తో బోలు డబ్బాలు చేద్దామనుకుని ఒకటి చేశాను. కొలత బాగా వచ్చింది కానీ వదిలేశాను. గట్టి ఘనాల్లో సైజు పెరిగే కొద్దీ బరువు ఎంతో వేగంగా పెరుగుతుంది. అంచు 5 సెంటీమీటర్ల నుంచి 10కి రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ తేడా పిల్ల చేతికి తెలియాలి. బోలు డబ్బాలో అది పోతుంది.

రెండోసారి చేసిన పద్ధతి:

1. పాత ఇల్లు కూల్చిన చోట దొరికిన టేకు దూలం ముక్క కొన్నాను. ఏళ్ల తరబడి ఎండిన కర్ర తేమకు పెద్దగా మారదు.
2. ప్రతి ఘనాన్నీ 2 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయించాను.
3. చదునైన గ్రానైట్ ముక్క మీద శాండ్‌పేపర్ పరిచి, కొలుస్తూ అరగదీశాను. ఒక్కో ముఖానికి సుమారు పది నిమిషాలు.
4. రంగు రెండు పల్చటి పూతలే. మొదటిసారి మందంగా నాలుగు పూతలు వేస్తే 1 సెంటీమీటరు ఘనం 10.8 మిల్లీమీటర్లయింది.

పరీక్ష సులువు. ఘనాలన్నీ ఒక మూలకు సర్ది పేర్చితే మిగతా రెండు వైపులా ప్రతి మెట్టూ 1 సెంటీమీటరు ఉంటుంది. అన్నిటికంటే చిన్న ఘనం ప్రతి మెట్టు మీదా బయటికి రాకుండా, ఖాళీ మిగలకుండా కూర్చోవాలి. పాత సెట్టులో 7, 8 మధ్య మెట్టు మీద నుంచి జారిపోయేది. కొత్త సెట్టులో తొమ్మిది మెట్లూ సరిపోయాయి.

పదీ కలిపితే 3,025 ఘన సెంటీమీటర్ల కర్ర, తూకం దాదాపు 1.95 కిలోలు. పెద్దది 645 గ్రాములు, చిన్నది మా వంటింటి త్రాసులో చూపనే లేదు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఆ చిన్న ఘనాన్ని తీసి దాచండి. గొంతులో ఇరుక్కునే సైజు అది.

ఖర్చు: మొదటి సెట్టు 1,400, రెండోది 1,900, రంగు, శాండ్‌పేపర్ 420. మొత్తం: రూ. 3,720

దశ 2: లెక్కపెట్టే పుల్లలు (ఆగస్టు 10 – సెప్టెంబరు 2)

0 నుంచి 9 దాకా పది అరలున్న పెట్టె, 45 పుల్లలు. అర మీద అంకె ఎంతో అందులో అన్ని పుల్లలు పెట్టాలి. సున్నా అర ఖాళీగా ఉంటుంది.

ఘనాలు చేయించడం కష్టం. గుండ్రటివి చేయించడానికి మాత్రం మన దగ్గర లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక ఉంది. ఎలమంచిలి దాటి వెళ్లాం. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రుద్ది రంగెక్కిస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగులు చెట్ల నుంచి తీసినవి కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారన్న టెన్షన్ నాకు తగ్గింది.

తప్పు నాదే. మధ్యలో మందం 14 మిల్లీమీటర్లని చెప్పాను. తొమ్మిది పుల్లలు కట్టగడితే 5 సెంటీమీటర్లు దాటింది, పాప పిడికిట్లో పట్టలేదు. తొమ్మిదిని ఒక్క గుప్పిట్లో పట్టుకుంటేనే "తొమ్మిది అంటే ఇంత" అని చేతికి తెలుస్తుంది. మళ్లీ వెళ్లి 9 మిల్లీమీటర్లకు చేయించాను. "ఏటమ్మా, ఇంత సన్నంగానా?" అని పెద్దాయన రెండుసార్లు అడిగి మరీ చేశారు. ఇప్పుడు కట్ట 33 మిల్లీమీటర్లు, సరిపోయింది.

పాప సున్నా అరలో ఒక పుల్ల పెట్టాలని పట్టుబట్టింది. నేనేం అనలేదు. చివరికి 9 అంకె ఉన్న అరకు ఒకటి తక్కువైంది. కాసేపు చూసి తనే తీసి అక్కడ పెట్టింది.

ఖర్చు: పుల్లలు రెండుసార్లు 1,080, పెట్టె 350, ప్రయాణం 600. ఇప్పటిదాకా: రూ. 5,750

దశ 3: గరుకు అక్షరాలు (సెప్టెంబరు 5 – నవంబరు 16)

చెక్క పలక మీద శాండ్‌పేపర్ అక్షరం. పిల్ల చూపుడువేలు, నడిమివేలు కలిపి రాసే దిశలో రుద్దుతుంది, ఆ శబ్దం పలుకుతుంది. కన్ను, చెయ్యి, చెవి మూడూ ఒకే అక్షరం మీద ఉంటాయి. సాధారణంగా అచ్చులు నీలం పలకల మీద, హల్లులు గులాబి పలకల మీద ఉంటాయి. నేనూ అదే పాటించాను.

*పలక.* మొదట ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) వాడాను. ఆరు వారాల్లో అంచులు బిస్కెట్‌లా ఉబ్బాయి. తర్వాత 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 15×18 సెంటీమీటర్లు, అంచులకు కూడా రంగు. అవి నిలిచాయి.

*గరుకు.* 80 నంబరు కాగితంతో పాప వేలి కొస ఎర్రబడింది. 220 నంబరుకి, పక్కనున్న రంగు పలకకి వేలికి తేడా తెలియలేదు. 150 నంబరు దగ్గర ఆగాను. భీమిలి వైపు ఇసుకలో గార్నెట్ అనే గట్టి ఖనిజం ఉంటుంది, అదే గార్నెట్‌తో శాండ్‌పేపర్ కూడా చేస్తారు. ఆ ఊహతో బీచ్ ఇసుక తెచ్చి జిగురు మీద చల్లి చూశాను. ఇసుకలోని ఉప్పు గాలిలో తేమ లాగి అక్షరం ఎప్పుడూ చెమ్మగానే ఉండిపోయింది. మూడుసార్లు కడిగినా పూర్తిగా పోలేదు. వదిలేశాను.

*కోత.* కాగితం వెనకవైపు అక్షరం గీసి కత్తిరించాలి, కాబట్టి అద్దంలో కనిపించినట్టు తిప్పి గీయాలి. మొదటి ఎనిమిది అక్షరాలు తిప్పకుండా గీసి పారేశాను. మన అక్షరాల సున్నలు చిన్నవి. గీత మందం 10 మిల్లీమీటర్లు పెడితే ఖ, ఘ లోపల ఖాళీ మూసుకుపోయింది. 7 మిల్లీమీటర్లకు తగ్గించి, అక్షరం ఎత్తు 9 సెంటీమీటర్లు చేశాక వేలు తిరగడానికి దారి వచ్చింది. కత్తెర వద్దు. పేపర్ కట్టర్ బ్లేడు నాలుగు అక్షరాలకు ఒకటి మార్చండి.

*జిగురు.* చెక్కపనికి వాడే తెల్ల జిగురు అక్టోబరు చివరి వానల దాకా ఉంది. ఆ వారం 14 అక్షరాల కొసలు లేచిపోయాయి. పిల్ల వేలు సరిగ్గా ఆ కొస దగ్గరే ఆగేది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు జిగురు రెండువైపులా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి అతికాను. జనవరి దాకా ఒక్కటీ లేవలేదు. వాసన ఘాటు, డాబా మీద చేయండి.

*ఏ అక్షరాలు ముందు.* అ ఆ ఇ ఈ వరసలో వెళ్లలేదు. అలా వెళ్తే నెల గడిచినా పిల్లకు ఒక్క మాట రాయడం రాదు. మొదటి ఐదు అ, ల, వ, ప, డ ఎంచుకున్నాను. రోజూ బీచ్‌లో చూసే అల, వల, పడవ మూడూ వాటితో వచ్చేస్తాయి కదా అని. అది పొరపాటు. వ, ప ఆకారంలో దగ్గర. ఒకేసారి ఇవ్వడంతో పాప రెండిటినీ కలిపేసింది. పది రోజులు ప తీసి దాచి, దాని బదులు త ఇచ్చాను. అల, వల, తల, వడ. వడ రాగానే అక్షరాలు తినేవాటికి కూడా పనికొస్తాయని తెలిసింది. వ బాగా కుదిరాక ప తిరిగి తెచ్చాను, పడవ అప్పుడు వచ్చింది. ఆకారంలో దగ్గరగా ఉన్న ప–వ, డ–ద, మ–య జంటల మధ్య కనీసం రెండు వారాలు ఎడం పెట్టండి.

చెప్పే తీరు మూడు మెట్లు. ఫ్రెంచి వైద్యుడు సెగ్విన్ దగ్గర నుంచి మాంటిస్సోరి తీసుకున్నది:

1. "ఇది ల." చూపించి, రుద్ది, పలకడం. ఒకసారికి రెండు మూడు అక్షరాలే.
2. "ల ఏదో ఇవ్వు." ఆటంతా ఇక్కడే. తలుపు దగ్గర పెట్టు, అన్నయ్యకు ఇవ్వు, ఒళ్లో దాచు.
3. "ఇదేంటి?"

నేను మొదట్లో మూడో మెట్టుకు తొందరపడ్డాను. పాప చెప్పలేక లేచి వెళ్లిపోయేది. రెండో మెట్టు మీద నాలుగైదు రోజులు ఉన్నాక మూడోది దానంతట అదే వచ్చింది.

ఖర్చు: పలకలు 1,150, శాండ్‌పేపర్ 240, జిగుర్లు 310, రంగు 380. ఇప్పటిదాకా: రూ. 7,830

దశ 4: కదిలే అక్షరాలు (నవంబరు 18 – జనవరి 9)

ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ఇంగ్లీషు సామాను చూసి తెలుగుకు కాపీ కొట్టలేమని ఇక్కడే తెలిసింది.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో మాంటిస్సోరి "పిల్లల ఇల్లు" అనే తన మొదటి బడి తెరిచింది. అక్కడి పిల్లలు విడి అక్షరాలను పక్కపక్కన పేర్చి మాటలు కట్టారు. ఇటాలియన్‌లో అక్షరాలు 21. తెలుగులో 36 హల్లులు, ఒక్కో దానికి 12 గుణింతాలు అనుకుంటేనే 432 బిళ్లలు, ఒత్తులు కలపకుండా. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయింది. మన లిపుల మధ్యే అన్నేళ్లు ఉన్న మనిషి. అయినా మన పిల్లల చేతికి ఏ అక్షరాలు ఎలా ఇవ్వాలో మనమే తేల్చుకోవాలి.

*వెర్షన్ 1.* క, కా, కి, కీ అంటూ మొత్తం బిళ్లలు. నాలుగు హల్లులు చేసేసరికి 48. ట్రే నిండిపోయింది. పాపకు కావలసింది వెతకడానికే ఓపిక అయిపోయేది. ఆపేశాను. ఖర్చు 460.

*వెర్షన్ 2.* హల్లు ఒక బిళ్ల, గుణింతపు గుర్తు ఒక బిళ్ల, పక్కపక్కన. కి పేర్చితే తలకట్టూ గుడీ రెండూ కనిపిస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు వు దగ్గర వచ్చింది. వ పక్కన కొమ్ము పెడితే అది మ అవుతుంది! పాప "ఆవు" పేర్చింది, బాబు వచ్చి "ఆమ" అని చదివాడు. పాప ఏడ్చింది. తను చేసింది సరైనదే, నేను చేసిన సామాను తప్పు. మనం రాసేటప్పుడు పు, వులకు కొమ్ము కిందినుంచి కలుపుతాం. ఎందుకలా రాస్తామో నాకు ఇన్నేళ్లకు అప్పుడే అర్థమైంది. ఖర్చు 520.

*వెర్షన్ 3.* పక్కన కాదు, పైన. ఇదే నిలిచింది.

1. హల్లులు తలకట్టు లేకుండా, గులాబి రంగులో, 6×6 సెంటీమీటర్ల గట్టి అట్ట మీద.
2. గుణింతపు గుర్తులు నీలం రంగులో పారదర్శక షీటు మీద. నీలం ఎందుకంటే అవి అచ్చులే.
3. తలకట్టు కూడా ఒక గుర్తే, దానికీ ఒక షీటు. హల్లు మీద తలకట్టు పెడితే క, దాన్ని తీసి గుడి పెడితే కి.
4. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱలకు తలకట్టు ఉండదు, వాటిని మామూలుగానే ఇచ్చాను.
5. ప, ఫ, వలకు కింది కొమ్ము విడిగా.
6. మ, య, ఘ, ఝల గుణింతం నడక వేరు. వాటికి సొంత గుర్తులు చేసి, పచ్చ అంచు అట్టల సంచిలో పెట్టాను.

మొదటి ప్రయత్నంలో షీటు మీద గుర్తు అక్షరం మీద కూర్చోలేదు. అక్షరాలన్నీ అట్ట మధ్యలో అచ్చు వేయించడమే కారణం. వెడల్పు ఒక్కో అక్షరానికి ఒక్కోలా ఉంటే మధ్యకు అర్థం లేదు. తలకట్టు తగిలే చోటు ప్రతి అట్ట మీదా ఒకే బిందువు దగ్గర వచ్చేలా అక్షరాలను జరిపాను. ఎడమ అంచు నుంచి 32, పై అంచు నుంచి 17 మిల్లీమీటర్లు. ఆ తర్వాత కుదిరింది.

షీట్ల సంగతి. జిరాక్స్ షాపులో దొరికే పల్చటి పారదర్శక షీట్లు రెండు రోజుల్లో చుట్టుకుపోయాయి, చెమట వేళ్లకు అంటుకున్నాయి. స్పైరల్ బైండింగ్ పుస్తకం పైన వేసే మందం షీటు తీసుకున్నాను. అచ్చు గీరుకుపోతుంటే, బండ్ల మీద పేర్లు అతికే రేడియం షాపులో నీలం స్టిక్కర్ కటింగ్ చేయించాను. మిషను మీద కోసినవి కాబట్టి అన్నీ ఒకే కొలత. మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే వేళ్లు కోసుకుంటాయి.

*ఒత్తుల సంగతి.* బళ్లో వరస అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆఖర్న ఒత్తులు. నేనూ అలాగే పెట్టుకున్నాను. డిసెంబరు 4న పాప అడిగిన మొదటి మాట "అమ్మ". తర్వాత అక్క, అత్త, అయ్య, నాన్న. పిల్లకు కావలసిన మనుషులందరిలోనూ ఒత్తు ఉంది. "అది తర్వాత నేర్చుకుందువుగాని" అనడానికి నాకు నోరు రాలేదు. అదే రాత్రి మ, క, త, య, న ఒత్తులు కోసి, గుణింతాల కంటే ముందుకు తెచ్చాను. త, న, మ, య, ర, లల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక కనిపించదు. కాబట్టి వాటికి గరుకు పలకలు కూడా వేరుగా చేశాను, మామూలు అక్షరం పక్కనే, ఒకే పలక మీద.

ఈ మార్పు నేను ఏ పుస్తకంలోనూ చూసి చేయలేదు. కానీ నా మటుకు నాకు, ఈ మొత్తం పనిలో బాగా కుదిరింది ఇదే. గుణింతాలు రాకముందే పాప పది మాటలు ఒత్తులతో పేర్చింది. గుడి, కొమ్ము తర్వాత నెమ్మదిగా చేరాయి.

ఖర్చు: వెర్షన్ 1, 2 కలిపి 980, వెర్షన్ 3 ట్రేతో కలిపి 1,340. ఇప్పటిదాకా: రూ. 10,150

దశ 5: బాబుకు పూసలు (డిసెంబరు 20 – జనవరి 17)

ఒకటి ఒక పూస, పది ఒక కడ్డీ, వంద ఒక చదరం, వెయ్యి ఒక ఘనం. మామూలుగా చిన్న పిల్లలకే ఇస్తారు. మా బాబు బళ్లో కూడికలు వేగంగా చేస్తాడు కానీ, "చేతిలో ఒకటి" అంటే ఏమిటని అడిగితే చెప్పలేకపోయాడు. అందుకే ఏడేళ్లప్పుడు వెనక్కి వచ్చాం.

- పూర్ణా మార్కెట్‌లో 8 మిల్లీమీటర్ల పూసలు 1,500 కొన్నాను. కొలిస్తే 7.6 నుంచి 8.3 దాకా ఉన్నాయి. రెండు కడ్డీలు పక్కన పెడితే కొసలు కలవవు. ప్లైవుడ్ ముక్కకు సన్నటి గాడి పెట్టి జల్లించాను, 240 పక్కకు పోయాయి.
- చదరాలు 10, కడ్డీలు 20, విడి పూసలు 30. మొత్తం 1,230 పూసలు. 30 మిగిలాయి.
- మామూలు ఇనుప బైండింగ్ తీగ నెల తిరక్కుండానే తుప్పు పట్టి పూసల మీద మరక దింపింది. విప్పి, ఇత్తడి తీగతో మళ్లీ కట్టాను. పది గంటల పని.
- వెయ్యి ఘనాన్ని మొదట అట్టపెట్టెతో చేశాను. బాబు ఎత్తి చూసి "అమ్మా, వంద కంటే వెయ్యి తేలిగ్గా ఉందేంటి?" అన్నాడు. తీసేసి, పది చదరాలు దొంతరగా పేర్చి గుడ్డ పట్టీతో కట్టాను. 8 సెంటీమీటర్ల ఘనం, బరువు నిజం.

పది కడ్డీలు ఇచ్చి ఒక చదరం మార్చుకునే "బ్యాంకు" ఆట వారం రోజులు ఆడాక, చేతిలో ఒకటి అంటే పది ఒకట్లకు మారిన కడ్డీ అని వాడే చెప్పాడు. పూసల డబ్బా పై అరలోనే ఉంటుంది, పాప పడుకున్నాకే దిగుతుంది.

ఖర్చు: పూసలు 900, తీగలు 440, డబ్బా 120. మొత్తం: రూ. 11,610

జనవరి 21

పాప "చక్రం" అడిగింది. క్రావడి (ర ఒత్తు) అక్షరం ఎడమ వైపు నుంచి మొదలై కిందికి తిరుగుతుంది. నా 6 సెంటీమీటర్ల షీటులో ఎడమవైపు చోటు చాల్లేదు, కొస తెగిపోయింది. షీటు 7×7 చేస్తే సరిపోతుందని కాగితం మీద చూసుకున్నాను. అప్పుడు ట్రే అరలు 65 మిల్లీమీటర్ల నుంచి 75కు పెరగాలి. సోమవారం ట్రే తీసుకుని కంచరపాలెం వెళ్తున్నాను, కాలిపర్ సంచిలో పెట్టుకున్నాను.